ఒక్క మునుం

"కోతకొస్తవా, ఉత్తరం డబ్బాల ఏయమంటవా?"

దామోదర్‌రావు రాజలింగు వాకిట్లో నిలబడి, జేబులోంచి నీలం రంగు ఇన్‌లాండ్ కవరు తీసి ఆడించాడు.

రాజలింగు మంచంలోంచి లేవలేదు. లేవలేక కాదు, దొరను చూస్తేనే ఒళ్లు మండి.

"నా పానం బాగలేదని బొగ్గుబాయి డాక్టర్లే రాసిచ్చిండ్రు దొరా. వంగద్దు, బరువెత్తద్దు అన్నరు. నేను రాను."

"పానం బాగలేనోనివి నీ ముప్పై గుంటలు ఎట్ల కోసినవ్‌రా? పొద్దు పొడవకముందే వంగితే, నీ పెండ్లాం ఒడ్డు మీద కావలి ఉంటే, నాకు కనవడదనుకున్నవా?"

డాక్టర్ల చేత రాజలింగు ఆ కాగితం ఎట్లా రాయించాడో దేవుడికే ఎరుక. దాని పుణ్యమానే పోయినేడు కొడుకు కొండల్ తండ్రికి బదులు బొగ్గుగనిలో కొలువుకు దిగాడు. అది అబద్ధమని తేలిందా, కొడుకు కొలువు ఊడినట్టే.

"ఊర్ల ఒక్క పడుచోడు లేడు," అన్నాడు దొర. "సగం మంది బాయిల పడ్డరు, సగం మంది దుబాయి పోయిండ్రు. ఉన్నోల్లంత వంగితే లేవలేని ముసలోల్లు. ఎనిమిదెకరాల వరి గింజ రాలుతుంది. సరిగ్గ కోసే చెయ్యి నీదొక్కటే ఉన్నది."

"మీకు ముగ్గురు కొడుకులున్నరు గద పట్నంల. దించుండ్రి పొలంల."

దామోదర్‌రావు మొహం కందగడ్డ అయింది.

"బొగ్గుబాయి కంపెనీకి ఉత్తరం పోతది. నీ కొడుకు ఇంటికొస్తడు. అప్పుడు తండ్రీ కొడుకులిద్దరు నా పొలంల్నే వంగాలె. నాకు ఒకటి కాదు, రెండు కొడవండ్లు దొరుకుతయ్."

"పంపుకో, పో!" అన్నాడు రాజలింగు, 'దొరా' అన్న మాట మింగేసి.

దొర అటు పోగానే భార్య సత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ నోట్ల మన్నువడ! నాలుగొద్దులు పోయి కోస్తే ఏం పోతుండె?"

"పిచ్చిదానా! పది మంది చూడంగ కోస్తే గా ఉత్తరానికి సాక్ష్యం నేనే అయిత. ఇయ్యాల భయపడితే ప్రతి యేడు గదే కవరు చూపిస్తడు. సచ్చేదాకా వానికి వెట్టి చెయ్యాల్నా?"

ఆరో రోజు కంపెనీ జీపు రానే వచ్చింది. ఫైలు చంకలో పెట్టుకుని కళ్లద్దాల ఆఫీసరు దిగాడు. దామోదర్‌రావు కొత్త అల్లుడికి ఎదురుపోయినట్టు రోడ్డుదాకా పోయాడు. ఆఫీసరు ఏమీ అడగకుండా మొదట పొలం ఒడ్డుకు నడిచి, ఒక కంకి తెంపి అరచేతిలో నలిపాడు. గింజలు జలజలా రాలాయి.

"ఇంక కొయ్యలేదేందండి?"

"మనుషులేరి సార్? అందరు ముసలోల్లే."

"యాడ చూసినా గిదే గోస," అని నిట్టూర్చి ఆఫీసరు చేతులు దులుపుకున్నాడు.

కబురు పెడితే రాజలింగు వచ్చాడు. ఎర్రటి ఎండలో గొంగడి కప్పుకుని, సత్తమ్మ భుజం ఆసరాతో, అడుగుకోసారి దగ్గుతూ.

"నాటకం సార్!" అన్నాడు దొర. "చేతికి కొడవలియ్యుండ్రి, తెలుస్తది."

"ఇయ్యండి. ఒక్క మునుం కోసి చూపియ్యి," అన్నాడు ఆఫీసరు రాజలింగు వైపు తిరిగి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా ఒక మనిషి కోసుకుంటూ పోయే వరుసే మునుం.

రాజలింగు మనసులో లెక్క కట్టుకున్నాడు. నాలుగు పిడికిళ్లు అడ్డదిడ్డంగా కోసి, రొప్పుతూ కూలబడాలి. మొదటి పిడికిలి అట్లాగే వంకరగా కోశాడు. కంకులు తెగి మట్టిలో పడ్డాయి, గింజలు కాలి కింద నలిగాయి. పండిన వడ్లు తొక్కడం ఆ చేతులు ఎన్నడూ ఎరగవు. ప్రాణం ఉసూరుమంది. ఈ ఒక్క పిడికిలి సరిగ్గా కోద్దామనుకున్నాడు. మరొకటి. ఇంకొకటి. గొంగడి ఎక్కడ జారిందో, దగ్గు ఎప్పుడు ఆగిందో అతనికి తెలియలేదు. చివరి పిడికిలి పరిచి తలెత్తేసరికి అవతలి ఒడ్డు వచ్చేసింది.

వెనక్కి చూస్తే పనలు దారం పట్టి పరిచినట్టున్నాయి. సత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"చూసిండ్రా సార్! ముప్పయ్యేండ్లోడు గూడ గట్ల కొయ్యడు. రాయుండ్రి ఇగ!" దొర చప్పట్లు కొట్టాడు.

ఆఫీసరు ఆ వరుస వెంట మెల్లగా నడిచాడు. కోసిన వరి కొయ్యకాళ్లు తడిమి చూశాడు. కింద రాలిన కంకుల కోసం వెతికితే మొదట్లో తప్ప మరెక్కడా కనపడలేదు. పెన్ను తీశాడు.

దొర వస్తే మంచం దిగని రాజలింగు ఉరుకుతూ వచ్చి ఆఫీసరు కాళ్ల మీద పడ్డాడు.

"నీ బాంచెన్ సార్! తప్పు నాది. నా కొడుకు పొట్ట కొట్టకుండ్రి."

ఆఫీసరు రెండు ముక్కలు రాసి, సంతకం పెట్టి, ఫైలు దొర వైపు తిప్పాడు. 'మనిషి వంగలేడు, బరువు ఎత్తలేడు. ఫిర్యాదు అబద్ధం.'

"గిదేంది సార్? కండ్లార చూస్తిరి గద!" దొర గొంతు కీచుమంది.

ఆఫీసరు అతని వైపు చూడనైనా లేదు. రాజలింగు రెక్క పట్టి లేపాడు. రాజలింగు కళ్లు తుడుచుకుని, ఈ రుణం ఎట్లా తీర్చుకునేదని చేతులు జోడించబోయాడు.

"కొడవలి పట్టుకొని జీపెక్కు," అన్నాడు ఆఫీసరు. "మా ఊర్ల నాది పన్నెండెకరాల వరి రాలిపోతుంది. ఇగ యేడాదికొక్కపారి, కోతలప్పుడు, నిన్ను గిట్లనే పరీక్ష చెయ్యాలె."