ఇరవై ఏడో నంబరు తప్పు

“ఇంకోసారి ముఖం పెట్టు అక్కా,” అన్నాడు సూపర్‌వైజర్ ఉపేందర్.

గౌసియా కెమెరా ముందు నిలబడింది. తెరమీద మళ్లీ అవే ఎర్రక్షరాలు: ‘తప్పు నంబరు 27. సహాయం నొక్కండి.’

ఆరేళ్లుగా ఎయిర్‌పోర్టులో చెత్తబుట్టలు ఖాళీ చేసే పని ఆమెది. విషజ్వరం వచ్చి ముఖం సగమైంది. సోమవారం పొద్దున ఆరింటికి డ్యూటీకొస్తే హాజరు మిషన్ పోల్చుకోలేదు. మంగళవారమూ అంతే. మూడు రోజులు హాజరు పడకపోతే పేరు కొట్టేస్తారు. ఇవాళ బుధవారం.

“రోజూ చూస్తవ్ కదన్నా నా ముఖం. నువ్వు గుర్తుపడ్తలేవా?”

“నేను గుర్తుపడితె ఏం లాభమక్కా? మిషన్ గుర్తుపట్టాలె. నా చేతుల ఏమున్నది?” ఉపేందర్ ఆమెకు చాయ్ తెప్పించాడు. “మొన్నటిసంది నాకు నిద్ర పడ్తలేదు.”

మనిషి ఎదురుగా నిలబడి ఉంది. మిషన్‌కు కనబడదు. ఎవరిని తిట్టాలి?

అందుకే ఆమె పక్కింటి ఉబేద్‌ను వెంట తెచ్చుకుంది. శంషాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఉపేందర్ చేయి అడ్డం పెట్టుకొని హాజరు కంప్యూటర్లో తన పాస్‌వర్డ్ కొట్టాడు. “చూస్కో తమ్మీ. నాలుగింటికి హాజరు లిస్టు పంపాలె.” ఫోన్ మోగితే బయటికి నడిచాడు. “ఆఁ, బామ్మర్దీ... రేపు ఆ పిల్లను తోల్కరా. యూనిఫారం సైజెంతనో అడుగు.”

ఉబేద్ ‘సహాయం’ నొక్కాడు. ‘ఫైలు దొరకలేదు’ అంది ప్రోగ్రాం. దాన్ని తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేస్తే, “ఆ ఫైలు మీ కంప్యూటర్లోనే ఉంటుందండీ, చూసుకోండి,” అని పెట్టేశారు. ప్రోగ్రాం వెతికే చోట చూశాడు. లేదు. మిగతా ఫోల్డర్లన్నీ గాలించాడు. లేదు.

మూడున్నర దాటింది.

“ఇగ నాతోని కాదు ఆపా.”

గౌసియా తెరవైపే చూస్తోంది. “ఆ మూలకు బొమ్మ ఏంది?”

“చెత్తబుట్ట. పారేసినవి దాంట్ల పడ్తయి.”

“దాంట్ల చూసినవా? నేనైతే చూడకుండ ఏ బుట్ట ఖాళీ చెయ్య. పాస్‌పోర్టులు గిట్ట దొరుకుతయి.”

ఉబేద్ తెరిచాడు. ఒకే ఒక్క ఫైలు. పారేసింది సోమవారం, పొద్దున ఆరుంబావుకు. దాన్ని తిరిగి దాని చోట పెట్టి ‘సహాయం’ నొక్కితే తెరుచుకుంది. ఇరవై ఏడో నంబరు వెతికి, గౌసియాకు వినబడేలా చదివాడు.

“ముఖం గుర్తుపట్టకపోతే, సూపర్‌వైజర్ తన పాస్‌వర్డ్‌తో హాజరు వేయవచ్చు.”