ఇంగువ చేయి

కుక్క ఉన్న ఇంట్లో ఏ వాసన వచ్చినా గోడలో బిగించిన, వాసన పసిగట్టే యంత్రపు ముక్కు మీది దీపం ఎర్రగా వెలుగుతుంది. కుక్కను పట్టుకుపోతారు. ఘాటుగా సాంబ్రాణి వేసినా కంపు కప్పిపుచ్చారనే లెక్క. ఇప్పుడు కొత్తగా అన్ని అపార్ట్‌మెంట్లలోనూ ఇదే రూలు. అందుకే హైమవతి వాసనను చంపే మందు సోఫాకీ, పరుపుకీ, ముసలి కుక్క బూందీకీ, చివరికి తన ఒంటికీ కొట్టింది. దీపం ఆకుపచ్చగా మారింది.

"హమ్మయ్య, గండం గడిచింది," అన్నాడు భర్త భాస్కరం.

హైమవతి పెరుగన్నం కలిపి తెచ్చింది. బూందీ పళ్లు బయటపెట్టి గుర్రుమంది. దానికి కళ్లు ఎప్పుడో పోయాయి.

"నేనేరా, అమ్మని!"

అది మూలకు నక్కి వణికిపోయింది. ముద్ద ముట్టలేదు.

"నన్ను పరాయిదాన్ననుకుంటోందండీ!"

చారుకి ఇంగువ పోపు పెట్టిన చేత్తోనే ఇన్నాళ్లూ దానికి అన్నం తినిపించింది. ఆమె వంటింట్లోకి పరుగెత్తి, దాచిన ఇంగువ డబ్బా తీసింది.

"వద్దే! దీపం ఎర్రబడుతుందే!" భాస్కరం ఆమె చేయి పట్టుకున్నాడు.

విదిలించుకుంది. అరచేతిలో ఇంగువ నలిపి బూందీ ముక్కు దగ్గర పెట్టింది. తోక టపటపా నేలకు కొట్టుకుంది. బూందీ ఆ చెయ్యంతా నాకింది.

గది ఎర్రబడింది.

"తినరా నాన్నా," హైమవతి ముద్ద అందించింది. "వాళ్లొచ్చేలోగా తినెయ్."