ఏడో భరిణె మీద గాట్లు

ఆ పెద్దాయన మళ్ళీ నవ్వాడు.

అదీ గైడమ్మ కథ రసపట్టులో ఉండగా.

మ్యూజియంలో వెండి భరిణెల గది ఆమెది. అగ్గిపెట్టెలో సగం ఉండే బుల్లి భరిణెలు పన్నెండు. ఒకప్పుడు షోకైన ఆడవాళ్ళు వాటిని గొలుసుకు కట్టి, వేలికి తగిలించుకుని షికారు వెళ్ళేవారు. లోపల సుగంధం కలిపిన వెనిగర్‌లో నానబెట్టిన స్పాంజి ముక్క, దాని మీద పూలు చెక్కిన చిన్న జల్లెడ. వీధిలో మురుగు కంపు కొట్టినా, నడుం బిగించి కట్టి ఊపిరాడకపోయినా, మూత తెరిచి ముక్కు దగ్గర పెట్టుకోవడమే. వెనిగర్ వెండిని తినేస్తుందని లోపలంతా బంగారు పూత కూడా పూయించేవారు.

ఇదంతా చెబుతుంటే జనం ఆవులించి, పక్కనున్న గడియారాల గదిలోకి జారుకునేవారు.

అందుకని గైడమ్మ ఏడో భరిణె మూత మీదున్న రెండు గాట్లకు ఓ కథ అల్లింది.

ఒక దొరసాని నాట్యానికి బయల్దేరిందట. తనను చేసుకోబోయేవాడు అప్పటికే అక్కడ తన పినతల్లి కూతురితో ఆడుతున్నాడని దారిలోనే తెలిసిందట. దొరసానులు నలుగురిలో అరవకూడదు కదా. చేతిలో ఉన్న భరిణెను కసుక్కున కొరికిందట.

'కొరికింది' అనగానే పెద్దాయన కిసుక్కున నవ్వేవాడు. ఆయన్ని చూసి జనమూ నవ్వేవారు. నవ్వుతూనే అద్దం మీదకి వంగి గాట్లు చూసేవారు. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం ఇదే తంతు.

మొన్న ఒకావిడ అడిగింది. "అదేంటమ్మా, ఆవిడ పళ్ళు మరీ బియ్యపుగింజల్లా ఉన్నాయి?"

"ఆ రోజుల్లో ఆడవాళ్ళు అంత నాజూకండీ," అంది గైడమ్మ తడుముకోకుండా.

పెద్దాయన గోడ పట్టుకుని మరీ నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ, భలే చెప్పావమ్మా అన్నాడు.

గైడమ్మకు ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? ఆర్నెల్లుగా తాత్కాలికపు ఉద్యోగం. వచ్చే శుక్రవారం డైరెక్టరుగారే స్వయంగా వచ్చి వింటారట. నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే ఆమె ఇంటికి.

గురువారం పొద్దున్నే వాచ్‌మన్ దగ్గరకెళ్ళింది.

"బాబాయ్, రేపు ఆ నవ్వులాయన్ని లోపలికి రానివ్వకు. డైరెక్టరుగారి ముందు నవ్వాడంటే నా కొంప మునిగినట్టే."

వాచ్‌మన్ తల గోక్కున్నాడు. పాపం మర్యాదస్తుడు, ఏదీ ముట్టుకోడు అని నసిగాడు. గైడమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకునేసరికి సరేనన్నాడు.

శుక్రవారం పెద్దాయన ఇస్త్రీ కోటు వేసుకుని మరీ వచ్చాడు. గదికి రంగులు వేస్తున్నారండీ అన్నాడు వాచ్‌మన్, నేల చూపులు చూస్తూ. పక్కనుంచే ఇరవైమంది ఆ గదిలోకి నడిచి వెళ్ళారు. పెద్దాయన వాళ్ళ వంక చూశాడు, వాచ్‌మన్ వంక చూశాడు.

"అలాగా," అన్నాడు. జేబులోంచి ఓ కవరు తీసి డైరెక్టరుగారికి ఇమ్మని వెళ్ళిపోయాడు.

లోపల గైడమ్మ కథ అందుకుంది. "...భరిణెను కసుక్కున కొరికింది," అని అలవాటు కొద్దీ ఆగింది.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ వంగలేదు. ఒకాయన మాత్రం గడియారాల గది ఎటు అని అడిగాడు.

మిగతాది ఎలా చెప్పిందో గైడమ్మకే తెలియదు.

జనం వెళ్ళాక డైరెక్టరుగారు చుట్టూ చూశారు. "నీ కథ గురించి ఆయన తెగ చెప్పారే. ఇవాళ తప్పకుండా వస్తానన్నారు, రాలేదా?"

"ఎవరండీ?"

వాచ్‌మన్ కవరు తెచ్చి ఇచ్చాడు. డైరెక్టరుగారు చదివి, కాగితం ఆమె చేతిలో పెట్టారు.

'భరిణెలు ఆర్నెల్లకని ఇచ్చాను. ఇక మీ దగ్గరే ఉంచేయండి. ఆ గదిని మాత్రం ఆ అమ్మాయికే అప్పగించండి. నేనీ పూట బండికి ఊరు మారిపోతున్నాను. చివరిసారి ఆ కథ విని వెళదామని వచ్చాను.'

గైడమ్మ గేటు దాకా పరిగెత్తింది. వీధిలో ఆయన లేడు. ఎటు వెళ్ళాడో వాచ్‌మన్ కూడా చూడలేదు. సిగ్గుతో ఆమెకు ఏడుపొచ్చింది. గేటు దగ్గరే నిలబడి కాగితం వెనక్కి తిప్పింది.

'కథలో ఒక్క ముక్క కూడా మార్చవద్దని ఆమెకు చెప్పండి. ఆ గాట్లు మాత్రం దొరసానివి కావు. పళ్ళొచ్చే వయసులో నేను గుక్కపట్టి ఏడుస్తుంటే, ఊరుకోబెట్టడానికి మా అమ్మ తన భరిణె నా చేతికిచ్చిన నాటివి.'