దుంగకు ఇవతల

"ఆంటీ, ఆ తాడు ముట్టుకోకు. ప్లీజ్."

పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సారీ. ముట్టుకోకండి," అని రాగిణి దిద్దుకుంది. ఆమె మిషిగన్‌లో పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది. చదవడం రాదు.

"పర్లేదమ్మా. నా మనవరాలూ నన్ను 'నువ్వు' అనే అంటుంది. తాతని మాత్రం 'మీరు' అంటుంది, ఎందుకో."

రాగిణి తాడు లాగింది. నీళ్ళలోంచి వల బోను పైకి వచ్చింది. లోపల పీతలున్నాయి. అన్నీ ఈ తీరంలో ఎప్పటినుంచో ఉన్న రకాలే. వాటిని నీళ్ళలోకి వదిలేసింది.

"పట్టినవన్నీ వదిలేస్తావేమిటి?"

"మాకు కావలసింది వేరే పీత, ఆంటీ. గ్రీన్ క్రాబ్. యూరప్‌ది. ఓడల్లో వచ్చింది. ఇక్కడి క్లామ్స్‌ని, అదే గుల్లల్ని, తినేస్తుంది. నీళ్ళలో గడ్డి పీకేస్తుంది."

"పచ్చగా ఉంటుందా?"

"రంగు చూడకూడదు. ముళ్ళు చూడాలి. కంటి పక్కనుంచి అటు అయిదు, ఇటు అయిదు."

"వీసా ఉందా దానికి?"

రాగిణి నవ్వింది.

వాళ్ళున్నది ప్యూజెట్ సౌండ్ ఒడ్డున. సియాటిల్ దగ్గర భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రం అది. రెండేళ్ళ కిందట ఈ బీచ్‌లోనే ఒక గ్రీన్ క్రాబ్ పెంకు దొరికింది. పెరిగేటప్పుడు పీత విడిచేసే పెంకు. నడవడానికి వచ్చిన మనిషి ఎవరో దాన్ని స్టీలు పళ్ళెం మీద పెట్టి పార్క్ ఉద్యోగికి చూపించారు. ఆ ఉద్యోగి ఫోటో తీసి, ఇలాంటి బయటి జీవుల మీద కన్నేసి ఉంచే రాగిణి ఆఫీసుకు పంపాడు. పేరు అడగలేదు.

ఆ ఫోటో వల్లే ఇక్కడ బోన్లు పెట్టారు. కొత్త వాలంటీర్లకు రాగిణి మొదట చూపించే స్లయిడ్ అదే. దాని కింద 'కనిపెట్టినవారు: పేరు తెలియదు' అని ఉంటుంది.

"ఆ పళ్ళెం అంచున గీతలు గీకింది కూడా పీతేనా?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు.

ఆ తర్వాత బోన్లలో ఒక్క గ్రీన్ క్రాబ్ కూడా పడలేదు.

"నెలాఖరుకి అక్కడి బోన్లు తీసేద్దాం," అన్నాడు ఆఫీసులో పెద్దవాడు నీల్. "వేరే బీచ్‌ల వాళ్ళు అడుగుతున్నారు."

"కనబడలేదంటే లేవని కాదు. మనం వెళ్ళిపోయాక పెరిగితే?"

"ఒక్కటి చూపించు. ఉంచుతాను."

ఆ మాట రాగిణిని వదల్లేదు. బోను మీద బోను లాగుతోంది.

పెద్దావిడ చేతిలోని స్టీలు డబ్బా చాచింది. "ఇవి కూడా చూడమ్మా. కనపడ్డ పెంకులన్నీ ఏరాను."

మొదట్లో రాగిణి చూసేది. అన్నీ మామూలువే. తర్వాత మానేసింది.

"ఎక్కడ ఏరారో తెలియని పెంకులు మాకు లెక్కలోకి రావు, ఆంటీ."

"ఎక్కడో ఏముందమ్మా, పోయినసారి వచ్చినప్పుడు కూడా ఇక్కడే..."

"టైడ్ వచ్చేస్తోంది, నీళ్ళు పైకొస్తాయి. తర్వాత చెప్పండి."

ఆవిడ డబ్బాకు మూత పెట్టుకుంది.

నెలాఖరున రాగిణి బోన్లు తీసేయడానికి వచ్చింది. ఆవిడ రోజూ కూర్చునే దుంగ మీద వేరే ఆవిడ కూర్చుని ఉంది.

"రాగిణి మీరేనా? నేను అలేఖ్యని. అమ్మ నిన్న ఇండియా ఫ్లైట్ ఎక్కింది. ఈ డబ్బా మీకిమ్మంది. ఒకటే కంపు. కార్ అద్దాలు దించుకుని డ్రైవ్ చేశాను."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఇక రాదేమో. మోకాళ్ళు. అన్ని గంటలు ఫ్లైట్‌లో కూర్చోలేనంటోంది."

రాగిణి మూత తీసింది. పెంకులు నీళ్ళలో పారబోయడానికి డబ్బా వంచింది. పైనున్న పెంకు బొటనవేలి గోరంత ఉంది.

చెయ్యి ఆగింది.

దాన్ని తీసి వెలుగులో పెట్టింది. అటు అయిదు ముళ్ళు. ఇటు అయిదు.

"ఇవి ఎక్కడ ఏరారు?"

"ఇక్కడే. అమ్మ ఈ దుంగ అవతలికి ఎప్పుడూ వెళ్ళలేదండీ. నేనే దింపేదాన్ని, నేనే తీసుకెళ్ళేదాన్ని."

ఆఫీసులో నీల్ పెంకును లెన్స్ కింద పెట్టి చూశాడు.

"ఈ ఏడాది పిల్ల. ఇంకా ఎక్కువ పుట్టి ఉండవు. ఇప్పుడైతే పట్టేయొచ్చు. బోన్లు తీసేశావా?"

"లేదు."

"ఇంకొన్ని పెట్టు. దీన్ని ఫోటో తియ్యి. స్లయిడ్‌లో పాతదాని పక్కన పెడదాం."

రాగిణి డబ్బా మూతను టేబుల్ మీద ఉంచింది. దాని మీద పెంకు పెట్టి ఫోటో తీసింది. స్లయిడ్‌లో చేర్చింది.

నీల్ స్క్రీన్ దగ్గరికి వంగాడు. "పాత ఫోటోనే రెండుసార్లు పెట్టావు."

"లేదు. ఇది ఇప్పుడు తీసింది."

"మరి ఆ గీతలు?"

రెండు ఫోటోల్లోనూ స్టీలు అంచున అవే గీతలు. పాత ఫోటోలో పళ్ళెం అనుకున్న ఆ మూతను రాగిణి చేతిలోకి తీసుకుంది. దగ్గర్నుంచి చూస్తే అవి గీతలు కావు. చుక్కలు. వంపులు తిరిగి వరసగా ఉన్నాయి.

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న తల్లికి ఆ ఫోటో పంపింది. వెంటనే ఫోన్ వచ్చింది.

"ఎవరిదే ఈ మూత?" అంది తల్లి సరోజ. "మేమూ ఇలాగే చేసేవాళ్ళం. కొత్త సామాను కొంటే కొట్లోనే పేరు చెక్కించుకునేవాళ్ళం, ఎవరింటికి పంపినా తిరిగొస్తుందని."

"అది పేరా?"

"పేరే. ఆవిడ నీకు తెలియదా? ఏమని పిలిచేదానివి?"

"ఆంటీ అని."

తల్లి ఆ చుక్కల్లోని పేరు చదివి వినిపించింది.

రాగిణి స్లయిడ్ తెరిచి, రెండేళ్ళుగా ఉన్న 'పేరు తెలియదు' చెరిపేసి, అక్కడ ఆంటీ పేరు టైప్ చేసింది: అనంతలక్ష్మి.