చివరి దున్న

“దిగండి సార్,” అన్నాడు టెస్టరు.

మేనేజరు దిగలేదు. స్టీరింగు మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో టై సరిచేసుకున్నాడు. “బయట విలేకరులున్నారయ్యా. మ్యూజియం వాళ్లు పదింటికల్లా బండిని తెమ్మన్నారు. టిక్కు పెట్టి పక్కకు జరుగు.”

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. తయారైన ప్రతి బండినీ షెడ్డు వెనకున్న రాళ్లగుంటలో టెస్టరు నలభై చుట్లు తిప్పాలి. తిప్పాక ముందరి అద్దం మూల సుద్దముక్కతో టిక్కు పెట్టాలి. టిక్కు లేని బండికి గేటు తెరవరు. ఈ బండి పొద్దున్నే నలభై చుట్లూ తిరిగింది. టిక్కు మాత్రం పడలేదు. సుద్దముక్క టెస్టరు జేబులో ఉంది.

అది చివరి బండి. కొండలెక్కుతుందని పేరున్న ఆ భారీ బండిని కొనేవాళ్లు తగ్గిపోయారు. ఇక ఆ రకం బండ్లు తయారు చెయ్యబోమని, ఈ ఫ్యాక్టరీ మూసేస్తున్నామని కంపెనీ నెల కిందట చెప్పేసింది. ప్రకటనల్లో దానికి ఏ పేరున్నా షెడ్డులో అందరూ దున్న అనే అనేవాళ్లు.

“దున్నను బయటికి నేను తోలుకెళ్తా. సరేనంటేనే టిక్కు,” అన్నాడు టెస్టరు.

“నీకిదంటే అసహ్యం కదయ్యా! క్యాంటీన్లో రోజూ తిట్టేవాడివట.”

“తిట్టానండి. ఇప్పుడూ తిడతాను. కూరల సంచి తెచ్చుకోవడానికి మూడు టన్నుల ఇనుమెందుకండీ? కొండలెక్కుతుందని కొంటారు. తీసుకెళ్లి సినిమాహాలు మెట్ల ముందు ఆపుతారు. నాలుగు కిలోమీటర్లకు లీటరు తాగుతుంది. నా నడుం విరగ్గొట్టింది. దాని మొహం చూస్తే కడుపులో తిప్పుతుంది.”

“మరింకెందుకీ గోల?”

“ఇరవై రెండేళ్లు రాళ్లల్లో తిప్పింది నేను. టిక్కు పెట్టగానే లారీ ఎక్కించి తీసుకుపోయేవాళ్లు. ఒక్కటంటే ఒక్కదాన్ని నేను గేటు దాటించలేదు. ఈ పీడనైనా నా చేత్తో గెంటేసి వస్తా.”

మేనేజరు జేబులోంచి విలేకరుల కోసం రాసుకున్న కాగితం తీసి, అతను అక్కడ లేనట్టే చదువుకోసాగాడు. “ఇది బండి కాదు, మా కుటుంబంలో మనిషి...”

“చచ్చిన గేదెకు పాలెక్కువని ఊరికే అన్నారా?” అంది వెనక నుంచి పెయింటరక్క. తలుపులకు రంగు కొట్టేది ఆమే. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “మీరొచ్చి ఎనిమిది నెలలు సార్. దాన్ని మీరు ముట్టుకున్నది ఇవాళే. ఇచ్చెయ్యండి అతనికి.”

“నీ పని నువ్వు చూసుకోమ్మా.”

“ఏం పని సార్? ఇవాళ్టితో అయిపోయిందిగా! ఈ రంగు వాసనకు అన్నం సయించక పదేళ్లయింది. దరిద్రం వదిలిందనుకున్నా. తీరా మొన్న చివరి తలుపుకి రంగు కొడుతుంటే కళ్లల్లో నీళ్లు. దీనికోసం ఏడవడమేంటే అని నా మీద నాకే రోత పుట్టింది.”

మేనేజరు అద్దం పైకెత్తుకుని బండి కదిలించాడు. టిక్కు లేకుండానే గేటు దాకా వెళ్లాడు.

గేటు కాపలా మనిషిని అందరూ రూళ్లకర్ర అంటారు. అతను అద్దం మూలలు నాలుగూ చూశాడు.

“టిక్కు లేదండి.”

“నేను మేనేజర్ని!”

“అవునండి. టిక్కు లేదండి.”

“ఒక్కపూట చూసీ చూడనట్టు పోలేవా? రేపట్నుంచి అసలు గేటుతోనే పని లేదు.”

“రేపు లేదండి. ఇవాళ ఉంది.”

గేటు అవతల కెమెరాల వాళ్లు కమ్మీల మధ్యలోంచి తొంగిచూస్తున్నారు. మేనేజరు ఫోను మోగింది. మ్యూజియం వాళ్లు. అయిదు నిమిషాల్లో వస్తున్నానని చెప్పాడు. రూళ్లకర్రని చూశాడు. వెనకాలే నడిచొస్తున్న టెస్టరుని చూశాడు. తలుపు తీసి కాలు కింద పెట్టబోయాడు. నేల అందలేదు. కడుపు సీటుకి ఆనించి జారుకుంటూ దిగాడు.

“తీసుకుపో. నీ ఖర్మ, దాని ఖర్మ.”

టెస్టరు సుద్దముక్క తీసి టిక్కు పెట్టాడు. ఎక్కి కూచున్నాడు. లోపలంతా మేనేజరు సెంటు వాసన. అద్దాలన్నీ దించి, బయటికి తుపుక్కున ఊశాడు.

పెయింటరక్క తలుపు మీద చెయ్యి వేసింది. “మెల్లగా పోనియ్ తమ్ముడూ. గేటుకి గీసుకుంటుందేమో.”

“ఇందాక దరిద్రం అన్నావుగా అక్కా?”

“దరిద్రమేలే. రంగు నాది.”

అతను సీటు ముందుకు జరుపుకున్నాడు. గేటు అవతల రోడ్డు కనిపిస్తోంది. గుంటలు లేవు, రాళ్లు లేవు. ప్యాంటుకి అరచేతులు తుడుచుకుని స్టీరింగు పట్టుకున్నాడు. ఇంజను దడదడమంటోంది.

“ఇక తియ్యి అన్నా,” అన్నాడు.

రూళ్లకర్ర టిక్కు చూసి తలూపాడు. గొళ్లెం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీసి, చంకలోని రిజిస్టరు తెరిచాడు.

“రోడ్డెక్కే ప్రతి డ్రైవరుదీ రాసుకోవాలి. లారీవాళ్లవీ రాస్తా. నీ లైసెన్సు నంబరు చెప్పు.”

“లైసెన్సా?” అన్నాడు టెస్టరు. “రాళ్లగుంటలో తిరగడానికి అదెందుకని, నేనసలు తీసుకోనేలేదు.”