పునుగుపిల్లి వాంగ్మూలం

2081 జూన్ పదవ తేదీ ఉదయం, అనకాపల్లిలో జరిగిన పంచనామాకు హాజరైనవారు: ఇంటి యజమానురాలు పాపయ్యమ్మ, వన్యప్రాణి రక్షకుడు గౌరునాయుడు, అటక మీద మూడు కూనలతో ఒక పునుగుపిల్లి. వాంగ్మూలం తీసుకోనిదే జంతువును కదిలించరాదు. తీసుకున్నాక ఉంచడమో పంపడమో యజమానురాలి ఇష్టం.

"రేపు నా కూతురు పసిబిడ్డతో వస్తాది. దీన్ని అట్టుకెళ్లిపో నాయుడూ!"

"కూనలింకా కళ్లు తెరవలేదమ్మా. ఇప్పుడు కదిపితే తల్లి ఒగ్గేస్తాది, అవి బతకవు."

పాపయ్యమ్మ మెత్తబడలేదు. గౌరునాయుడు నిచ్చెనెక్కి మాటపెట్టెను అటక అంచున ఉంచాడు. పునుగు గుర్రుమంది. పెట్టె ఆ గుర్రును తెలుగులో పలికింది.

"కింద తిరిగే ముసలిదాన్ని తీసుకుపోవడానికేనా వచ్చావు? పొద్దస్తమానం గిన్నెలు మోగిస్తుంది. నా పిల్లలు ఉలిక్కిపడుతున్నారు."

ఇక కూనల పని అయిపోయినట్టేనని గౌరునాయుడు కళ్లు మూసుకున్నాడు.

"ఓలమ్మో, నా మీదే పిర్యాదా!" పాపయ్యమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని అటకకేసి వింతగా చూసింది. "ఈ ఇల్లు దాందేటి?"

"అలాగే అనుకుంటున్నాదమ్మా."

"ఎన్నాళ్లు కావాలో అడుగు."

కళ్లు తెరిచేదాకా అంది పునుగు.

"సరే, రాసుకో. గిన్నెలు మెల్లగా తోముతాను. మా బిడ్డ ఏడిస్తే మాత్రం అది సణక్కూడదు."

గౌరునాయుడు రెండు షరతులూ పొందికగా రాశాడు. పాపయ్యమ్మ సంతకం చేసింది. ఆయన కాగితం మడిచి, చొక్కా లోపలి జేబులో భద్రపరిచాడు.