హారతి కాకుండా ఆగిన కథ

సిద్దిపేటలోని తన స్టూడియోలో కొమురేశ్, కీర్తిశేషుడైన తండ్రి చెప్పిన మల్లన్న ఒగ్గుకథను అరిగిపోయిన క్యాసెట్టు నుండి కొత్త హార్డ్ డిస్కులోకి ఎక్కిస్తున్నాడు. ఆ గొంతు మరెక్కడా లేదు. చీకటి పడిన కొంతసేపటికి డిస్కు టకటకమంది. చెడిపోతుందేమోనన్న భయంతో అతడు సగంలోనే దాని తీగ పీకివేశాడు.

భార్య భాగ్య గుమ్మంలోనే నిలిచిపోయింది. "హారతి గాకముందే కథ ఆపినవా? మామ ఉంటే ఊకుంటుండెనా?"

"మిషిన్‌కు హారతేందే, పిచ్చిదానా!" అతడు నవ్వాడు.

పీకిన తీగ బల్లమీదనే ఉంది. అయినా డిస్కు మళ్లీ మోగింది. ఈసారి అది డోలు దరువు. కథ ఆగిన చోటి దరువే.

కొమురేశ్ కర్పూరం వెలిగించాడు. దరువు ఆగింది. ఆ నిశ్శబ్దంలో, కథ అందుకునే ముందు తండ్రి చేసినట్లే, ఎవరో గొంతు సవరించుకున్నారు.